అన్న దాచిన ఇరవై తప్పులు

మొన్నొక మధ్యాహ్నం, నంద్యాల ఎండ మా మిద్దెను పెనం చేసి దోసె పోసుకోమని పిలుస్తున్న వేళ, వసారాలో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్న నాకు లోపలి గదిలోంచి మా పాప గొంతు గట్టిగా వినపడింది. ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీలో పనిచేసే రోజులు గదా ఇవి, ఆ గదిలో ఎప్పుడూ కనపడని మనుషులు పదిమందైనా కాపురముంటారు. వాళ్లలో ఎవరితోనో ఒక ప్రోగ్రాము గురించి వాదన పడింది. తప్పులున్నాయేమో చూసే టెస్టులన్నీ పచ్చగా వెలిగాక మళ్లీ ఒక మనిషి కూర్చుని ఆ రాతంతా చదవడం దేనికని మా పాప అంటుంటే, ఆ టెస్టులు రాసింది కూడా నువ్వే కదా, వాటిని నమ్మేదెట్లా అని అవతలి గొంతు అంటోంది. వాదన ఎంతసేపు సాగిందంటే, నేను గింజలు చెత్తబుట్టలోనూ తొక్కలు గిన్నెలోనూ వేసుకుంటూ పోయిన సంగతి మా ఆవిడ వచ్చి నెత్తిన ఒకటి మొట్టేదాకా నాకు తెలియలేదు.

ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగిన నా వయసు వాళ్లకు చెబితే నమ్ముతారేమో గానీ, ఈ వాదన నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లు దాటింది, ఇదే నంద్యాలలో బస్టాండుకు పోయే దారిలో ఒక మిద్దె మీది గదిలో, ఈ పంచాయితీని మేము మూడు రోజుల పాటు పందెం కట్టి మరీ తేల్చుకున్నాం. తేల్చుకున్నామని అనుకున్నాం, అంటే సరిపోతుంది.

ఆ గది మా పెదనాయన కొడుకుది. నేను అన్నా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను పనికిమాలినోడా అని పిలిచేవాడు, ఇద్దరికీ అదే అలవాటు. రెండు కంప్యూటర్లుండేవి, ఒకటి నడిచేది, ఇంకొకటి పక్కన కూర్చుని నడిచేదానికి ధైర్యం చెప్పేది. ఉదయం పూట పిల్లలకు టైపింగు నేర్పడం, మిగతా పొద్దంతా సీడ్సు అంగళ్లకూ కాలేజీలకూ చిన్నచిన్న ప్రోగ్రాములు రాసివ్వడం మా పని. రాసేది అన్న. రాసినదాంట్లో తప్పులు పట్టేది మేమిద్దరం, అంటే నేనూ, నాకంటే నాలుగేళ్లు పెద్దదైన ఒక అక్కా.

అక్కది గడివేముల. వాళ్ల నాయన బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. ఆ గొంతు విని పెరిగినందువల్లనో ఏమో, అక్కకు ఏదీ మనసులో చదువుకోవడం చేతకాదు. గోడ మీది సర్కసు పోస్టరైనా సరే, పైనుంచి కిందిదాకా, ముద్రించిన ప్రెస్సు పేరుతో సహా పైకి చదవాల్సిందే. ప్రోగ్రాము కూడా అంతే. ప్రింటరు నుంచి బారెడు బారెడు కాగితం చింపకుండా తీసుకుని, పక్కగదిలో కుట్టుమిషను పెట్టుకున్న చాచా దగ్గర స్టూలు వేసుకుని, ఆయన ప్యాంట్లు కుడుతుంటే ఆయనకు వినపడేటట్టు వరస వరసా చదివేది. చాచాకు కంప్యూటరంటే టీవీకి పుట్టిన బిడ్డ అని గట్టి నమ్మకం. కానీ వినడంలో ఆయనకు సాటి జిల్లాలో లేడు. మధ్యలో మిషను ఆపి ఏదో ఒకటి అడిగేవాడు, ఆయనకు విడమరిచి చెప్పబోయి అక్క తనంతట తానే తప్పు మీద పడేది.

నా పద్ధతి వేరు. నాకు చదవడమంటే చదువుకున్న రోజుల నుంచే పడదు. ప్రోగ్రామును నడిపించి, దాని పీక మీద కూర్చోవడమే నాకు తెలిసిన విద్య. అంకె అడిగిన చోట మా మేనత్త పేరు కొట్టేవాణ్ని, పేరు అడిగిన చోట సున్నాలు పోసేవాణ్ని, ఏమీ తోచనప్పుడు రెండు మోచేతులూ కీబోర్డు మీద ఆనించి కళ్లు మూసుకునేవాణ్ని. "ఏందప్పా, దాన్ని పరీక్ష చేస్తాండావా, పిండి పిసుకుతాండావా?" అని అన్న అరిచేవాడు. అయినా నేను కూర్చున్నానంటే పావుగంటలో ఆ యంత్రం చేతులెత్తేసేది. నంద్యాల డివిజన్‌లో నా చేతికి చిక్కి బతికి బట్టకట్టిన ప్రోగ్రాము లేదని నేనే చాలామందికి చెప్పుకునేవాణ్ని.

అట్లాంటి రోజుల్లో ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన అన్నను వెతుక్కుంటూ వచ్చి, విగ్రహం ఎత్తు ఎంతో చెబితే ముఖం ఎంత, మెడ ఎంత, బొడ్డు ఎక్కడ, మోకాలు ఎక్కడ అనే కొలతలన్నీ కాగితం మీద పడేటట్టు ఒక ప్రోగ్రాము కావాలన్నాడు. ఆ కొలతలు ఆయన తలలో ఉన్నాయి గానీ, కొత్తగా పనిలో చేరినవాళ్ల తలల్లోకి ఎక్కడం లేదట. అన్న నెలరోజులు కూర్చుని రాశాడు. సరిగ్గా అదే నెలలో టైపింగు నేర్చుకునేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. తప్పులు పట్టడానికి ఇంక ఒక మనిషినే పెట్టుకోగలనని అన్న మాతో చెప్పలేక చెప్పలేక, గోడకున్న క్యాలెండరుతో చెప్పాడు. మేమిద్దరం విన్నాం.

అక్క చెల్లెలి నర్సింగు చదువు ఆ జీతం మీదే నడుస్తుండేది. నా మీద ఆధారపడ్డవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. పని పోతే నేను మా మామ ఎరువుల అంగట్లో మూటల నడుమ కూర్చుని జీవితాంతం తుమ్ముతూ బతకాలి. నాకదే పెద్ద ఘోరంగా కనపడింది.

తమ్ముడని నన్ను పెట్టుకున్నాడంటారని అన్నకు భయం. అందుకని ఆయన బుర్రకు ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. తను రాసిన ప్రోగ్రాముకు ఒక నకలు తీసి, అందులో కావాలనే ఇరవై తప్పులు పెడతాడు. ఎక్కడెక్కడ పెట్టాడో చీటీ మీద రాసి దాస్తాడు. మేమిద్దరం ఎవరి పద్ధతిలో వాళ్లం మూడు రోజులు వెతకాలి. ఎక్కువ పట్టినవాళ్లకు ఉద్యోగం. ఎవరి పద్ధతి గొప్పదో కూడా దాంతోనే తేలిపోతుంది. చీటీని నమ్మకస్తుని దగ్గర పెట్టాలి గదా, చాచాకు ఇచ్చాడు. చాచా దాన్ని కొలతలు రాసుకునే పుస్తకంలో పెట్టి, ఆ పుస్తకాన్ని మిషను పక్కనే పెట్టుకున్నాడు. మూడు రోజులూ అక్క స్టూలు వేసుకుని కూర్చున్నది ఆ పుస్తకానికి జానెడు దూరంలో. ఒక్కసారైనా అటు చెయ్యి చాచలేదని చాచా తర్వాత ఖురాను మీద ఒట్టేసి చెప్పాడు. ఒట్టు అక్కరలేకుండానే నేను నమ్మేవాణ్ని.

మొదటి రోజు మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి నావి తొమ్మిది. ఎత్తు సున్నా అని కొడితే యంత్రం ఆలోచనలో పడి, దూదిమిల్లంత చప్పుడు చేసి చతికిలబడింది. మైనస్ మూడడుగులంటే భూమి లోపలికి పెరిగే దేవునికి కొలతలిచ్చింది. ఆరడుగులంటే బొడ్డును తీసుకుపోయి మోకాలి దగ్గర పెట్టింది. అటు అక్క మొదటి రోజంతా చదివి పట్టింది రెండు. ఆ సాయంత్రం నేను మెట్లు దిగుతూ ఈల వేశానని కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ రెండో రోజు నాకు ఒకటే దొరికింది. మూడో రోజు ఇంకొకటి. పైపైన తేలేవన్నీ అయిపోయాయి, ఇంక ఎంత గుద్దినా యంత్రం మంచి పిల్లాడిలా సరైన జవాబులే చెబుతోంది. అక్కవేమో రెండు, తర్వాత నాలుగు, మూడో రోజు ఆరు. చదివేకొద్దీ ఆమెకు ఆ రాత అలవాటైపోయి, ఊరి వీధుల్లా ఏ సందు ఎక్కడికి పోతుందో తెలిసిపోతోంది. ఒకసారి ఆమె చదువుతుంటే చాచా మిషను ఆపి, "అరె బేటీ, తొమ్మిదడుగులు దాటినోణ్ని పైన్నే ఎనిక్కి పంపిస్తివి గదా, మల్లా వాని కొలతలు కింద రాసిందెవురి కోసరం? వాడు ఈడిదాకా రానే రాడు గదా!" అన్నాడు. అక్క పకపకా నవ్వి పెన్సిలు తీసుకోవడం గోడ ఇవతల నుంచి నాకు వినపడింది. ఏమన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఆ నవ్వు విని మాత్రం కీబోర్డును ఇంకో రెండు గుద్దులు గుద్దాను.

మూడో రోజు సాయంత్రం, అక్క కిందికి నీళ్లకు పోయిన సమయంలో, ప్యాంటు పొడుగు తగ్గించాలనే వంకతో చాచా దగ్గరికి పోయాను. వంక కాదు, నిజంగానే పొడుగే. కానీ ఆ ప్యాంటు ఏడాదిగా పొడుగే, ఆ రోజే గుర్తుకు రావడంలో ఉంది సంగతి. చాచా నా కొలత రాయడానికి పుస్తకం తెరిచాడు, చీటీ జారి కిందపడింది, నేను వంగి తీసి ఇచ్చాను. తీసి ఇవ్వడానికి మామూలు మనిషికి పట్టే కాలం కంటే రెండు వరసలు చదివేంత ఎక్కువ పట్టింది నాకు. అడుగున ఉన్న రెండు వరసలు.

మరుసటి రోజు పొద్దున అన్న రెండు జాబితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, చీటీతో సరిచూశాడు. నావి పదమూడు. అక్కవి పన్నెండు. ఏడు ఇద్దరికీ దొరికినవి. అంటే మొత్తం మీద పద్దెనిమిది బయటపడ్డాయి, రెండు ఎవరికీ చిక్కలేదు. ఇవి కాక అక్క జాబితా చివర ఇంకో మూడున్నాయి. అన్న ఆ మూడింటినీ చీటీలో అటూ ఇటూ వెతికాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వెతికాడు, చెవులు ఎర్రబడ్డాయి. అవి ఆయన కావాలని పెట్టినవి కావు. అసలు ప్రోగ్రాములోనే, ఆయన నెలరోజులు కష్టపడి, తప్పుల్లేవని నమ్మి రాసినదాంట్లో ఉన్నవి.

"అవి పందెంలో లేవు" అన్నాడు అన్న గొంతు సవరించుకుని.

"ఏం భాయ్, నువ్వు దాచిపెట్టిన దొంగలకు మార్కులేస్తావు, నీకే తెలీకుండా ఇంట్లో దూరిన దొంగను పట్టుకుంటే ఏయవా?" అని గుమ్మంలోంచి చాచా.

"రూలు రూలే చాచా."

అక్క బల్ల దగ్గరికి వచ్చింది. నా జాబితా చేతిలోకి తీసుకుని, ఎప్పుడూ లేంది, పెదాలు కదలకుండా మనసులో చదివింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి, బల్ల మీద పెట్టేసింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నేనొక్కణ్నే అని అన్న ఈసారి కిటికీతో చెప్పాడు.

అప్పుడు మోగింది ఫోను, ఆళ్లగడ్డ నుంచి. ముందు రోజు సాయంత్రం అన్న హడావిడిలో బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన ఫ్లాపీ మంచి ప్రోగ్రాముది కాదు. ఇరవై తప్పుల నకలుది. లోకంలో ఎంతోమంది తప్పుల ప్రోగ్రాములు అమ్మి ఉంటారు గానీ, పని గట్టుకుని తప్పులు పెట్టి, చీటీ రాసి, దాన్ని భద్రంగా దాచి, ఆ తప్పుల్నే పార్సిలు చేసి పంపిన ఘనత మా గదిదేనని నా నమ్మకం. అవతల ఆరడుగుల నల్లరాయి, గుడివాళ్లకు మాటిచ్చిన విగ్రహం. ఉలి ఒక్కసారి తప్పుగా పడితే రాయి రాయే పోతుంది. అక్క తను పట్టిన ఆ మూడు తప్పులూ అసలు ప్రోగ్రాములో దిద్ది కొత్త ఫ్లాపీలో వేసుకుంది, ఇద్దరం పరిగెత్తి బస్సెక్కాం.

మేము పోయేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు. "రాండప్పా. మీ మిషను సామికి బొడ్డు మోకాలి కాడ పెట్టింది. ఆయప్ప పంచ యాడ కట్టుకోవల్లనో అది గూడా రాసియ్యకపోతిరి!"

రాయి జోలికి ఆయన పోలేదు. ఏ కొలతనైనా ముందు గోడ మీద నిలువెత్తు బొమ్మగా బొగ్గుతో గీసి, రోడ్డు అవతలికి పోయి నిలబడి చూసుకుంటాడట. మా ఇద్దరికీ చిక్కని ఆ రెండు తప్పుల్లో ఒకటి, గడ్డం అరవేలు పొట్టిగా వచ్చేది, ఆ బొగ్గుబొమ్మలోనే దొరికింది. కొత్త ఫ్లాపీలో అది లేదని అక్క అక్కడికక్కడే సరిచూసింది. నేను ఊరుకుంటానా, మా పందెం గురించి చిలవలు పలవలు చేర్చి చెప్పి, రాయిలో తప్పు మీరెట్లా పడతారని అడిగాను.

ఆయన లేచి చిన్న సుత్తితో ఒక రాతిని తట్టాడు. కంచు గిన్నెలా మోగింది. బాగుందనుకున్నాను. చెంబుతో నీళ్లు పోసి కాసేపు ఆగమన్నాడు. రాయంతా ఆరిపోయింది గానీ అంచు దగ్గర వెంట్రుకంత గీత ఒకటి మాత్రం తడిగా నల్లగా మిగిలిపోయింది. పగులు. ఇంకో రాతి మీద నీళ్లు పోస్తే ఏ గీతా కనపడలేదు, తడితే మాత్రం పుచ్చిన కొబ్బరికాయలా బద్ బద్ మంది.

"అయితే పెద్దాయనా, రెండిట్లో ఏది గొప్పది?" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గొప్పేందప్పా? కొట్టీ చూడల్ల, తడిపీ చూడల్ల. ఒకటి జేసి ఇంగోటి ఇడ్సిపెట్టేకి నువ్వేమన్నా రాయితో పందెం ఏసుకున్యావా?"

తిరుగు ప్రయాణంలో అక్క కిటికీ పక్కన కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటోంది. సిరివెళ్ల వచ్చింది. దాటాక, బయటికి చూస్తూనే, మామూలు గొంతుతో అంది: "నీ లిస్టులో ఆకరి రెండూ కీలు కొడితే దొరికేటివి కాదు. ఒకటేమో మిషను ఎప్పటికీ పోని దావలో ఉంది. ఇంగోటి పైన ఒకటి కలిపి కింద ఒకటి తీసేసింది, జవాబు సరిగ్గానే వస్తాది. చదివితే తప్ప తెలీదు. నువ్వు చదవవు గదా."

నేను బస్సు టికెట్టు తీసి, దాని మీదున్నదంతా చదవడం మొదలుపెట్టాను.

"నేను అన్నకు చెప్పన్లే" అంది. "అది నేను చెప్పేది కాదు." అని, శెనక్కాయల్లో సగం నా దోసిట్లో పోసి, పెద్దాయన సుత్తి ఎంత చిన్నదో చూశావా అంటూ వేరే మాటల్లో పడింది.

మరుసటి రోజు చెప్పేద్దామనుకున్నాను. ఆ రోజు అన్నకు తలనొప్పి. తర్వాతి రోజు నాకు. ఆ పైన రోజు శుక్రవారం, చాచా ఉండడు, ఆయన ముందు చెబితేనే బాగుంటుందనుకున్నాను. ఇట్లా వారం గడిచింది, ఈలోపు నెల మారి అక్క రావడం మానేసింది. చివరికి చెప్పినప్పుడు అన్న నన్ను తిట్టలేదు, తిట్టింటే బాగుండేది. "వారం ముందు నోరు పెగల్లేదా నీకు?" అని మాత్రం అని, ఆ పూటే గడివేముల బస్సెక్కాడు. అప్పటికే అక్క పాములపాడులో ఒక చిన్న బళ్లో టీచరుగా చేరిపోయింది. జీతం ఇక్కడికంటే తక్కువ. చెల్లెలు చదువు మధ్యలో ఆపి, ఆసుపత్రిలో ఏదో చిన్న పనికి కుదిరిందట. రమ్మని అన్న అడిగితే, పిల్లలు ఇప్పుడిప్పుడే తన గొంతుకు అలవాటు పడుతున్నారు, వాళ్లను వదిలి రానందట.

ఇంక చదివేవాళ్లు లేరు కాబట్టి ఆ స్టూలు మీద నేనే కూర్చున్నాను. చాచాకు వరస వరసా చదివి వినిపించాను. రెండో రోజే ఆయన మిషను ఆపి, "బేటీ చదివితే అడగబుద్ది అయ్యేది భాయ్. నువ్వు చదివితే నిద్దరొస్తాంది" అన్నాడు. ఆయన తప్పు కాదు. కాగితం మీద ఉన్నది కాకుండా, ఉండాలని నేననుకున్నదే చదువుతున్నానని నాకు తెలియడానికి ఏడాది పట్టింది. నేర్చుకునే లోపల ఆ గది మూతపడింది. ఆ తర్వాత నేను ఎన్ని కంపెనీల్లో ఎన్ని వేల ప్రోగ్రాముల పీకల మీద కూర్చున్నానో చెబితే మళ్లీ గొప్పలంటారు.

ఇప్పుడు ఎవరు ఏ తప్పు పట్టారో, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పట్టారో, యంత్రమే రాసి పెట్టుకుంటుంది. రెండు వరసలు దొంగతనంగా కలుపుకునే వీలు లేదు, అంతవరకు మంచిదే. చదవడం కూడా ఉంది, కానీ ఎవరికి వాళ్లు, ఎవరి గదిలో వాళ్లు, నోరు మెదపకుండా చదివి, బాగుందని ఒక బొటనవేలి బొమ్మ అంటించి పోతారు. నా పని మీద అట్లాంటి బొటనవేళ్లు కొన్ని వందలు పడ్డాయి. వాటిలో ఒక్కరైనా నేను రాసినదాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివి, ఇది నువ్వు పట్టగలిగిన తప్పు కాదు అని నాతో అనగలరా అని ఒక్కోసారి అనుకుంటాను. అనాలంటే ముందు నన్నెరిగి ఉండాలి. ఎదటివాళ్లు చదవరని కూడా తెలిసేంతగా ఒకరినొకరు ఎరిగి పనిచేసిన గదులు ఎప్పుడు పోయాయో, నేను గమనించలేదు.